సజ్జచేనులో కార్టూన్ టేపు

ఆదివారం రాత్రి

ఒళ్లంతా అలసట. పొద్దున వడమాలపేట చేనికి వెళ్తే, సజ్జ కంకుల పైన కట్టెకూ కట్టెకూ మధ్య నల్లటి టేపు లాగి కట్టి ఉంది. చిలకలు రాకుండా నాయన కట్టాడట. అది నా కార్టూన్ వీడియో క్యాసెట్‌లోది. మద్రాసు పాతసామాన్ల అంగళ్లలో వెతికి తెచ్చుకున్నది, డీవీడీగా ఎప్పుడూ రానిది.

"అడక్కుండా ఎందుకు తీసినావు నాయనా?" అన్నాను.

"అదేసే మిషను చెడిపోయి ఆరేండ్లాయ గదప్పా. యాడేసి సూస్తావు?"

ఆ వీసీఆర్ బాగుచేయించాలని ఏటా అనుకుంటూనే ఉన్నాను. మిగిలిన క్యాసెట్లకు బూజు పట్టిందేమో, పెట్టె తెరిచే ఓపిక కూడా లేదు.

విప్పుకొద్దామని దగ్గరికి వెళ్లి, విప్పకుండానే వచ్చేశాను. గాలికి టేపు మెరుస్తూ రెపరెపలాడుతోంది. ఆరేళ్లలో ఆ బొమ్మలు కదిలింది ఇవాళే.