వెంకటలక్ష్మి ఓడ చెక్క

మెల్‌బోర్న్ క్రెయిగీబర్న్‌లో ఉంటున్న, రిటైరైన మెరైన్ ఇంజనీరు పంపన హేమచంద్ర అను నేను, పూర్తి తెలివిలో ఉండి, ఒకరి ప్రోద్బలం లేకుండా, పొద్దుటి కాఫీ తాగి స్థిమితంగా రాసుకున్న వీలునామా ఇది. మతి సరిగ్గానే ఉంది. డాక్టరు కాగితం జతచేశాను. కోపం కూడా ఎప్పటిలాగే ఉంది. ఇదివరకు రాసినవన్నీ రద్దు.

1. ఈ ఇల్లు, బ్యాంకులో ఉన్నది నా కొడుకు జయంత్‌కు సర్వహక్కులతో చెందవలెను. వీలునామా అమలు బాధ్యతా వాడిదే. పెరట్లో కరివేపాకు చెట్టు కొట్టించి కారు పెట్టుకోరాదు. చలికాలం దానికి దుప్పటి కప్పవలెను.

2. నా పనిముట్ల పెట్టె కోడలు సాహిత్యకు. జయంత్‌కు స్క్రూడ్రైవరు పట్టుకోవడం రాదు. ఆ పిల్లకు వచ్చు.

3. దేవుడి గదిలోని టేకు పీట మనవరాలు రుచితకు. అది మా కోరంగి రేవులో కట్టిన ఓడ ముక్క. నీళ్ళలోకి దించిన రోజున ముక్కుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, వెంకటలక్ష్మి అని పేరు పెట్టారట. బట్టలు, ఉప్పు మోస్తూ రంగూన్, కలకత్తా తిరిగింది. తర్వాత ఒక ఇంగ్లీషు వర్తకుడు కొని పేరు మార్చాడు. సరుకు పెట్టే చోట ఇనుప కడియాలు బిగించి, ఖైదీలను ఇంగ్లండు నుంచి ఈ ఆస్ట్రేలియాలోని హోబర్టు రేవుకు తెచ్చాడు. ముసలిదయ్యాక దాన్ని బొగ్గుల కొట్టు చేసి, చివరికి విరగ్గొట్టి అమ్ముకున్నారు. ఇదంతా నేను తర్వాత తెలుసుకున్నది. ఆ చెక్కలతో వేసిన గొర్రెల షెడ్డు కూలుస్తుంటే కొన్నప్పుడు, కోరంగి టేకు అని మాత్రమే చెప్పారు. మా ఊరి టేకు! ఆ సంబరంలో చిత్రిక పట్టి దేవుడి పీట చేశాను. "ఇట్స్ జస్ట్ వుడ్, తాతయ్యా" అంటుంది రుచిత. అననీ.

4. ఇదే ఊళ్ళో, టార్నీట్‌లో ఉన్న నా చెల్లెలు విద్యావతి సంగతి. వరలక్ష్మీ వ్రతం నాడు అది ఆ పీట మీద అమ్మ వెండి చెంబుతో కలశం పెట్టింది. భోజనానికి పిలిచిన పొరుగింటి కెవిన్, పీట అంచున సంకెళ్ళు తగిలించే ఇనుప కడియం మచ్చ గుర్తుపట్టి, "కన్విక్ట్ షిప్, మేట్!" అన్నాడు. వాళ్ళ పూర్వీకుడూ అలాంటి ఓడలోనే వచ్చాడని అతని సంతోషం. విద్య ముఖం మాడిపోయింది. "సంకెళ్ళేసిన చెక్క మీద అమ్మవారిని కూర్చోబెట్టించావా అన్నయ్యా!" అంటూ, ఉద్వాసన చెప్పకుండానే కలశం ఎత్తి కారులో పెట్టుకుంది. నేనూ ఊరుకోలేదు. "ఆ ఖైదీలూ ఒక తల్లి కన్నబిడ్డలే, పోవే" అన్నాను. మళ్ళీ నా గడప తొక్కలేదు. పెళ్ళిళ్ళలో ఎదురైతే నన్ను వదిలేసి పులిహోర గిన్నెను పలకరిస్తుంది.

విద్యకు ఏమీ రాయడం లేదు. కోపంతో కాదు, ఈ కాగితానికి తనను సాక్షిగా పెట్టుకుంటున్నాను. సాక్షికి ఆస్తి రాయకపోతేనే మంచిదని లాయరమ్మ చెప్పింది. ఇద్దరు సాక్షులూ ఒకేసారి ఎదుట ఉండి నా సంతకం చూడాలనీ చెప్పింది. నాకు కావలసిందీ అదే. నగ ఏదైనా రాస్తే జయంత్‌తో పంపించమంటుంది. సంతకానికైతే తనే రావాలి. నాకు డెబ్బై ఎనిమిదేళ్ళు. దాన్ని చూడకుండా పోవడం నావల్ల కాదు. కబురు పంపాను. రాకపోతే మరో సాక్షిని వెతకను. ఈ కాగితం ఇలాగే పడి ఉంటుంది.

క్రెయిగీబర్న్, స్వగృహం, దేవుడి గది ముందు.
2 నవంబరు 2025

(సం.) పంపన హేమచంద్ర

మా ఎదుట సంతకం చేసినందుకు సాక్షులు:

1. కెవిన్ డోయల్, పొరుగిల్లు.

2. విద్యావతి, టార్నీట్. అన్నయ్య మతి సరిగ్గానే ఉంది. అమ్మ చెంబు తెచ్చాను. పీట మీదే పెట్టాను.