హేమ్లి ఇంటి లోడు, ఒక్క నక్షత్రం

తేది: 14 జూన్ 2008
వాగొడ్డుగూడెం, ఖమ్మం జిల్లా

విద్యుత్ సెక్షన్ సహాయ ఇంజనీరు గారికి,

విషయం: ఇళ్ల కరెంటు పొదుపుకు నక్షత్రాలిచ్చే సర్వేలో హేమ్లి ఇంటికి పడిన తప్పు లెక్క సవరించి, తీసేసిన కనెక్షన్ తిరిగి ఇప్పించడం గురించి.

అయ్యా,

నేను ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన ఉపాధ్యాయినిని. మా వీధి చివర ఉండే హేమ్లి కోడలు కమ్లికి ఈ నెల 25న కాన్పు అని నర్సు ప్రమీల చెప్పింది. ఆ ఇంట్లో 5వ తేదీ నుంచి కరెంటు లేదు. ఈ రోజుతో పది రోజులు. తమ కార్యాలయానికి నాలుగుసార్లు వచ్చాను. నాలుగుసార్లూ తమ ఖాళీ కుర్చీ దర్శనం బాగా జరిగింది. కనుక ఇక రాతపూర్వకంగా మనవి చేస్తున్నాను.

1. మే 19న తమ సర్వేయరు శివ మా ఊరికొచ్చాడు. కరెంటు పొదుపుగా వాడే ఇంటికి ఎక్కువ నక్షత్రాలన్నాడు. సాక్షిగా నన్ను వెంట తిప్పాడు.

2. మొదట మా ఇల్లు. ఫ్రిజ్, మిక్సీ, ఇస్త్రీపెట్టె, మూడు ఫ్యాన్లు, ఐదు ట్యూబులైట్లు. శివ వీటిలో ఒక్కటీ లెక్కపెట్టలేదు. ఫ్రిజ్ తలుపు మీద కంపెనీవాళ్లు అంటించిన నాలుగు నక్షత్రాలు చూసి, "ఆల్రెడీ ఉన్నయ్ గదా మేడం" అని ఇంటికీ అవే వేశాడు. మా మనవరాలి నోటుబుక్కులో వాళ్ల టీచరు పెట్టిన నక్షత్రం కూడా చూసి ఉంటే ఐదోది దక్కేది.

3. తర్వాత హేమ్లి ఇల్లు. మట్టి గోడలు, తాటాకు కప్పు, కిటికీ లేదు. పేదలకిచ్చే ఒక్క బల్బు కనెక్షన్. ఆ బల్బు నలభై వాట్లు. శివ వాకిట్లో నిలబడి అడిగాడు:

"అమ్మా, లోడు ఎంత?"

"మూడు లోడ్లు సారూ."

"మూడా! గంతనా?"

"గదే సాలుతలేదు సారూ. ఇంకో లోడు కావాలె."

హేమ్లి చెప్పింది ట్రాక్టరుతో తోలించిన పశువుల ఎరువు సంగతి. మా దగ్గర లోడంటే అదే. తమ శాఖలో లోడంటే ఇంట్లో ఒకేసారి వాడే కరెంటు అట. శివ మూడు కిలోవాట్లని రాసుకున్నాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఎరువు కుప్ప పక్కనే నిలబడి అడిగాడు కాబట్టి, రైతు బాగోగులు కనుక్కునే ఉద్యోగి ఇన్నాళ్లకు దొరికాడని నేనూ ముచ్చటపడ్డాను.

4. ఫలితం ఒక్క నక్షత్రం. సర్కారు ఇచ్చింది గదా అని హేమ్లి ఆ కాగితానికి పసుపు రాసింది. జూన్ 5న లైన్‌మన్ రాందాస్ వచ్చి, మూడు కిలోవాట్లు వాడేవాళ్లకు పేదల కనెక్షన్ వర్తించదని వైరు కత్తిరించాడు. "ఒక్క బల్బే అని నాకు తెల్వదా టీచరమ్మా? పైనుంచి లిస్టు వచ్చింది" అన్నాడు.

5. తమ గుమస్తా నన్ను లోడు తీసేసినట్టు రుజువు తెమ్మన్నాడు.

"లేని లోడుకు రుజువేంది నాయనా?"

"లేకుంటే లిస్టుల ఎట్లొస్తదమ్మా?"

ఆ తర్కానికి తలవంచి ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను: సదరు మూడు లోడ్లూ జూన్ 8న హేమ్లి పత్తిచేలో చల్లడమైనది. తనిఖీకి తమరు చెప్పులు విప్పి రావచ్చును.

6. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. శివ నింపిన ఆ సర్వే ఫారం మీద సాక్షి సంతకం నాది. ఖాళీలు ఆఫీసులో నింపుకుంటామంటే ఖాళీ కాగితం కింద సంతకం పెట్టాను. నా దగ్గర చదివిన పిల్లలు ఆ పని చేస్తే బెంచీ ఎక్కించేదాన్ని. హేమ్లి మాత్రం, "నువ్వు సంతకం పెట్టినవంటే మంచికే అయి ఉంటది టీచరమ్మా" అంది. తిట్టినా బాగుండేది.

7. వానలు మొదలయ్యాయి. వాగు పొంగితే ఆసుపత్రికి బండి పోదు, కాన్పు ఆ ఇంట్లోనే. అక్కడ పట్టపగలే సూదిలో దారం ఎక్కదు. "కిరసనాయిలు బుడ్డితోటి అయ్యే పని కాదు, నెత్తురు ఎంత పోతున్నదో నాకు కనబడాలె గదమ్మా" అని ప్రమీల అంటోంది. మా ఇంటికి రమ్మని పిలిచాను. "మా ఇల్లు ఉండంగ ఇంకొకల ఇంట్ల కనుడేంది?" అంది కమ్లి. ఆ మాటలో నాకు తప్పు కనబడలేదు.

పై సంగతులు లిస్టుతో కాక కళ్లతో చిత్తగించవలెనని కోరుతూ,

తమ విధేయురాలు (మరి పదకొండు రోజులు),
తుమ్మలపల్లి పుల్లమ్మ

ఇక జరగవలసినవి:

1. జూన్ 18లోగా హేమ్లి ఇంటికి వైరు కలపాలి.

2. మూడు కిలోవాట్లు కొట్టేసి నలభై వాట్లని రాయాలి. ఈసారి చదివాకే సంతకం పెడతాను.

3. మా ఇంటి నాలుగు నక్షత్రాలు వెనక్కి తీసుకోవాలి. అవి ఫ్రిజ్‌వి.

4. శివను ఉద్యోగంలోంచి తీయకూడదు. ఏం లోడో చెప్పి అడగడం నేర్పితే చాలు.

5. ఇవేవీ 25లోగా వీలుపడని పక్షంలో, కమ్లి కాన్పును తదుపరి ఉత్తర్వుల వరకు వాయిదా వేస్తూ తమ సంతకం, సీలుతో ఒక కాగితం ఇప్పించాలి. ఆమెకు చదువు రాదు. నొప్పులు మొదలైనప్పుడు నేనే చదివి వినిపిస్తాను.