ప్యాకేజీ పేరు

జూన్ 3, సోమవారం

దొంగతనం నా కళ్ళముందే జరిగింది. ఏసీ గదిలో, ప్రొజెక్టరు వెలుతురులో, చప్పట్ల మధ్య.

నాడి నేను చేసిన యాప్. అత్తగారి బీపీ కోసం చేశాను. ఆవిడ రోజూ మిషన్ మీద చూసుకున్న అంకెలు క్యాలెండర్ అంచుల మీద రాసేవారు. నెల తిరగ్గానే ఆ కాయితం చింపేసేవాళ్ళం. డాక్టరు అడిగితే అందరం తెల్లమొహాలు వేసేవాళ్ళం. అందుకని ఆదివారాలన్నీ వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. అంకె పైకి చెబితే చాలు, యాప్ రాసుకుంటుంది. మరీ ఎక్కువైతే డాక్టరుకి మెసేజ్ పంపుతుంది.

ఇవాళ దాన్ని మైకు మా డైరెక్టరుకి చూపించింది. తన ఐడియా అంది. మొత్తం తనే కూర్చుని చేశానంది. ఆఖరి స్లైడులో తన ఫోటో.

మైకు అంటే మా తోడికోడలు. మాట్లాడే అవకాశం దొరికితే వదలదు కాబట్టి మైకు. పైకి అక్కా అనాలి, మీరు అనాలి. డైరీలో అక్కర్లేదు. ఒకే ఇల్లు, ఒకే ఆఫీసు. అది ప్రోడక్ట్ హెడ్, నేను టెస్టింగ్. ఈ ఉద్యోగం తనే ఇప్పించింది, ఆ సంగతి నేనెక్కడ మర్చిపోతానోనని అస్తమానూ గుర్తు చేస్తుంది. కోడ్ అంటే ఎలా ఉంటుందో చూస్తానంటే మొన్న పెన్‌డ్రైవ్‌లో వేసి నేనే ఇచ్చాను. నా బుద్ధి గడ్డి తింది.

అదే రోజు, సాయంత్రం

ఇంట్లో కూడా అదే కథ చెప్పింది. అత్తగారు పొంగిపోయారు. మరి నా ఫోన్‌లో పెట్టింది చిన్నది కదా అని అడిగారు పాపం. చిన్నది ఫోన్‌లోకి ఎక్కించిందంతే అత్తయ్యా, చేసింది నేను అంది మైకు. నేను అక్కడే గిన్నెలు కడుగుతున్నాను. నా వీపు చూస్తూ అంది ఆ మాట.

సొమ్మొకడిది, సోకొకడిది.

మా ఆయనకి చెప్పాను. ఆఫీసు గొడవలు ఇంట్లోకి తేవద్దు, వదిన పెద్దది అన్నాడు. పళ్ళ డాక్టరు. పొద్దస్తమానం జనం చేత నోళ్ళు తెరిపిస్తాడు, ఇంట్లో మాత్రం తను నోరు తెరవడు.

జూన్ 4

చూస్తా. నేనూ చూస్తా.

జూన్ 6, గురువారం, సాయంత్రం ఏడు

మొదటి ఎర్రర్ వచ్చింది. దేవుడున్నాడు.

డైరెక్టరు ఈ నెలలోనే యాప్‌ని స్టోర్‌లో పెట్టాలన్నాడు, ఒక పెద్ద ఆసుపత్రి తీసుకుంటానందట. మా డెవలపర్లకిస్తే ఇది ఎవరు రాశారని నాలుగు ప్రశ్నలు అడుగుతారు. అందుకని మైకు అదీ తనే చేస్తానని ఒప్పుకుంది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

స్టోర్‌లో పెట్టాలంటే ముందు ప్యాకేజీ కట్టాలి. ఇల్లు మారేటప్పుడు సామాను పెట్టెల్లో సర్ది, లోపల ఏముందో పైన చీటీ అంటిస్తాం చూడు, అలాగ. ఆ చీటీయే కాన్ఫిగ్ ఫైల్. యాప్ పేరు, వెర్షన్, ఐకాను అన్నీ అందులోనే. చీటీలో ఒక్క చుక్క తేడా వచ్చినా మిషన్ పెట్టెని ముట్టుకోదు.

నేను రాసిన ఫైల్‌లో ఆఖరి లైను నా పేరు. మైకు ఆ లైను చెరిపేసింది. పైలైను చివర కామా అలాగే ఉండిపోయింది. కామా ఉంటే ఇంకా ఏదో లైను ఉందనుకుని మిషన్ వెతుకుతుంది, లేకపోయేసరికి మొండికేస్తుంది. నా పేరు పీకేసిన చోటే దానికి ముల్లు గుచ్చుకుంది.

భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని తల పట్టుకుంది. కంచాలు సర్దుతూ వెనక నుంచి చూశాను. ఒక్క చూపుకే కామా కనబడింది. ఇదేంటో కాస్త చూడు అంది. నాకేం తెలుసు అక్కా, ఎక్కించడం తప్ప, అన్నాను.

జూన్ 7

ఇవాళ కూడా కామాయే. రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

జూన్ 9, ఆదివారం

కామా దొరికింది దానికి. ఇంటర్నెట్‌లో ఎవరో పుణ్యాత్ముడు చెప్పాడట. వాడి ఇల్లు బంగారంగాను.

కానీ పెట్టె కట్టినంత మాత్రాన అయిపోతుందా. ఇప్పుడు స్టోర్ వెనక్కి కొట్టింది. సంతకం డీబగ్‌ది అంది. అంటే ఇంట్లో పరీక్షలకి వాడే ఉత్తుత్తి సంతకం, బజారులో చెల్లదు. అసలు సంతకం వేరే తయారుచేసుకోవాలి. మైకు దానికోసం తెల్ల కాయితం మీద నిజంగా సంతకం పెట్టి స్కాన్ చేసింది. ఒట్టు. ఆ ఫోటోని ఫోల్డర్‌లో వేసి మళ్ళీ పంపింది. నేను బాత్రూమ్‌లోకి పోయి కుళాయి తిప్పి నవ్వుకున్నాను.

మధ్యాహ్నం అత్తగారు నన్ను పక్కకి పిలిచారు. పెద్దది సరిగ్గా తినడం లేదు, నువ్వూ అదే ఆఫీసు కదా, కాస్త సాయం చెయ్యరాదా అన్నారు. ఆవిడ బీపీ కోసం నేను పోగొట్టుకున్న ఆదివారాలన్నీ గుర్తొచ్చాయి. సరే అత్తయ్యగారూ అన్నాను. ఇంకేమంటాను. నా యాప్‌లో ఆవిడ అంకెలు చెబుతూ, చూశావా మా పెద్దకోడలు ఎంత బాగా చేసిందో అని పక్కింటావిడకి చూపిస్తున్నారు.

నాకు యాప్ పోయినందుకు కాదు కడుపుమంట. ఆవిడకి తెలీదే, అదీ. ఆవిడ నోటితో ఇది చిన్నకోడలిది అనాలి. అంతవరకూ నేను ఊరుకోను.

జూన్ 11, మంగళవారం

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. ఇవాళ కాళ్ళ వంతు వచ్చింది.

ఆఫీసులో మెట్ల దగ్గరికి తీసుకెళ్ళింది. నువ్వు నా సొంత చెల్లెలికంటే ఎక్కువ అంది. ఎప్పటినుంచి అని నేను అడగలేదు. డైరెక్టరు రోజూ అడుగుతున్నాడట, ఇంకా కాలేదంటే పరువు పోతుందట. కాస్త నువ్వే పూర్తిచేసి పెట్టు, ఆఖరి స్లైడులో థ్యాంక్స్ టు టీమ్ అని వేస్తాను అంది.

టీమ్ అట. నేను టీమ్‌నట.

లాప్‌టాప్ తీసుకుని చూశాను. సంతకం సంగతి నిమిషాల పని. అసలు చిక్కు ప్యాకేజీ పేరు. ప్రతి యాప్‌కీ స్టోర్‌లో ఒక పేరు ఉంటుంది. పైకి కనబడే నాడి కాదు, లోపలి పేరు, చుక్కలు పెట్టి ఇంగ్లీషు అక్షరాల్లో రాసేది. నేను ఇంట్లో చేసుకున్నప్పుడు com.example అని ఊరికే ఏదో పెట్టాను. స్టోర్ అది ఒప్పుకోదు. వేరే పేరు పెట్టాలి. ఒకసారి పెట్టి జనంలోకి వదిలితే ఆ యాప్‌కి ఈ జన్మలో అదే పేరు. లింకులో ఉంటుంది. చెరపడానికి ఎవడి తరమూ కాదు.

రేపటికి చూస్తానన్నాను.

జూన్ 12, బుధవారం, పొద్దున్న

దొరికింది. పళ్ళు తోముకుంటుంటే దొరికింది.

ఇంగ్లీషు అక్షరాల్లో డకీ దకీ తేడా లేదు. నాడి అన్నా naadi, నాది అన్నా naadi.

idi.naadi.kaadu

మొదటి ముక్క చూస్తే ఐడీ అనుకుంటుంది. రెండోది యాప్ పేరు. మూడోది అడిగితే చెప్పడానికి అబద్ధం సిద్ధంగా పెట్టుకున్నాను. కింద ఓనర్ స్థానంలో దాని పేరు, పైన లింకులో ఇది నాది కాదు. దాని చేతే ఒప్పించినట్టు. దాని ఖాతాలోనే, దాని వేలితోనే.

జూన్ 12, ఆఫీసు నుంచి వచ్చాక

అడగనే లేదు. నేను ఆ లైను టైపు చేస్తుంటే పక్కనే నిలబడి ఫోన్‌లో ఎవరితోనో తన యాప్ గురించి చెబుతోంది. అయిందా అని సైగ చేసింది. అయింది అక్కా, ఆఖరి బటన్ మీరే నొక్కండి అన్నాను. మీ చేతి మీదుగా జరిగితే బాగుంటుంది అని కూడా అన్నాను. మురిసిపోయి నొక్కింది.

కడుపు చల్లబడింది.

జూన్ 17, సోమవారం

స్టోర్ వాళ్ళు ఒప్పుకున్నారు. నాడి జనంలోకి వచ్చేసింది. ఆఫీసులో కేకు కోశారు. కోసింది మైకు. నాకు క్రీము లేని ముక్క వచ్చింది. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని తిన్నాను.

జూన్ 20

ఎవరూ చూడలేదు.

లింకు గ్రూపులో పెట్టారు. అందరూ బొటనవేళ్ళు ఎత్తి చూపించారు. నొక్కారు, ఎక్కించుకున్నారు. చదివినవాడు ఒక్కడూ లేడు. చదువుకున్న వెధవలందరూ చదవడం మానేశారు. పగ తీర్చుకున్నానని నాకొక్కదానికే తెలిస్తే అది పగేనా?

నేనే చెప్పేద్దామని మూడుసార్లు నోటిదాకా వచ్చింది. మింగేశాను.

జూన్ 24, సోమవారం

ఆసుపత్రి గోడల మీద అంటించడానికి పోస్టర్లు అచ్చై వచ్చాయి. ప్రతి వార్డుకీ, ప్రతి మంచానికీ. మధ్యలో స్కాన్ చేసే గళ్ళు, కింద లింకు. కట్ట విప్పి వాసన చూశాను. కొత్త ఇంకు వాసన ఇంత బాగుంటుందని తెలీదు.

జూన్ 26, బుధవారం

అయింది.

ఆసుపత్రి పెద్ద డాక్టరు మా ఆఫీసుకి వచ్చాడు. మైకు తన ధోరణిలో మొదలుపెట్టింది. నా యాప్, నా ఆలోచన, నా కష్టం. ఆ డాక్టరు పోస్టరు చేతిలో పట్టుకుని చివరి లైను దగ్గర ఆగిపోయాడు. మందుల చీటీ చదివినట్టు నెమ్మదిగా, పైకే చదివాడు. ఇది నాది కాదు. మళ్ళీ చదివాడు. ఇది మీదే అంటున్నారు, ఇక్కడేమో కాదని రాశారేంటమ్మా అని అడిగాడు. వెటకారం కూడా కాదు, నిజంగానే అడిగాడు.

గది మొత్తం గొల్లున నవ్వింది. మైకు దొంగకు తేలు కుట్టినట్టు నిలబడింది. తను రాశానంటే పిచ్చిది, రాయలేదంటే దొంగ. ఏది ఎంచుకుంటుందా అని చూశాను. నేను రాయలేదు, అదిగో ఆ అమ్మాయి రాసింది అని నన్ను చూపించింది.

అమ్మాయి అంది. చెల్లెలు అనలేదు.

డైరెక్టరు ఆ లైను ఏ ఫైల్‌లో ఉందో చూపించమన్నాడు. అరగంట వెతికింది. ఐకాన్ల ఫోల్డర్ తెరిచింది, ఇంకేదో తెరిచింది, నీళ్ళు తాగింది. తర్వాత డైరెక్టరు నా వైపు తిరిగాడు. నేను వెళ్ళి తెరిచాను. ఆ ఫైలే కాదు, మొదటి రోజు నుంచీ నేను కోడ్ రాసుకుంటూ వచ్చింది తేదీలతో సహా నా లాప్‌టాప్‌లో ఉంటే అదీ చూపించాను. నేను ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. అక్కా అని మాత్రం రెండుసార్లు అన్నాను, మర్యాదకి.

జూన్ 28

మైకు సెలవు పెట్టింది. మేము తినేశాక వచ్చి తింటోంది. బావగారు నాతో మాట్లాడటం లేదు. మా ఆయన నోరు తెరిచాడు మొత్తానికి. నలుగురిలో అంత పని చెయ్యాలా అన్నాడు. చెయ్యాలి అన్నాను.

అత్తగారికి ఏం తెలుసో ఏం తెలీదో అర్థం కావట్లేదు. పెద్దది ఏడుస్తోందని మాత్రం చెప్పారు. బీపీ రెండు రోజుల్నుంచి ఎక్కువే ఉంది.

జూలై 1, సోమవారం

నాడి నాకొచ్చింది. ఓనర్ స్థానంలో నా పేరు. లీడ్ అని కొత్త కార్డు కూడా ఇస్తారట.

డైరెక్టరు నవ్వుతూ, ఇక ఆ వెక్కిరింపు పేరు తీసేసి మంచి పేరు పెట్టెయ్ అన్నాడు. కుదరదండీ అన్నాను. ఎందుకు కుదరదని అడిగాడు. ఆ పేరే యాప్‌కి గుర్తు. మారిస్తే స్టోర్ దృష్టిలో అది ఇంకో యాప్. ఇప్పుడు వాడుతున్న రోగులందరూ దీన్ని తీసేసి కొత్తది ఎక్కించుకోవాలి, వాళ్ళ అంకెలన్నీ పోతాయి, గోడల మీద పోస్టర్లన్నీ పీకాలి. అంతా వివరంగా చెప్పాను. నాకంటే బాగా ఇంకెవరికి తెలుసు.

అయితే ఉండనీ, ఎవడు చదువుతాడులే అన్నాడు.

జూలై 3, బుధవారం

కొత్త వెర్షన్ పెట్టాను. లోపల, తయారుచేసినవారు అన్న చోట నా పేరు. అత్తగారి ఫోన్‌లో ఇంకా నేను ఇంట్లో చేసినప్పటిదే ఉంది. పాతది తీసి ఇది ఎక్కించుకోండి అని ఆవిడకి లింకు పంపి, ఎదురుగా కూర్చున్నాను.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకున్నారు. నొక్కలేదు. లింకు మీద వేలు పెట్టి ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదివారు. తలెత్తి, నీదీ కాదా, మరి ఎవరిదమ్మా ఇది అని అడిగారు.