ముహూర్తానికి చెరిగిపోయిన పేర్లు

అన్నయ్యకి వాణి నమస్కారాలు.

నీ నడుంనొప్పి తగ్గిందా? అమ్మ కంట్లో మందు వేయించుకుంటోందా? నేను బాగున్నాను. యూసుఫ్‌గూడ గది ఇరుకే, మెస్సులో ఏ కూరైనా ఒకటే రుచి, అయినా బాగానే ఉన్నాను. దిగులు పడొద్దని అమ్మకి చెప్పు.

సినిమావాళ్ల దగ్గర ఉద్యోగమని వీధంతా చెప్పావట. చెప్పకు. ఫిలింనగర్‌లో మా ఆఫీసు షూటింగులకి జూనియర్ ఆర్టిస్టుల్ని పంపుతుంది, అంటే పెళ్లి సీన్లో భోంచేసేవాళ్లని. మా ఓనరుగారు కంప్యూటరుకి రోజూ పూలదండ వేయిస్తాడు. నన్ను ‘సాఫ్ట్‌వేర్ మేడం’ అని పరిచయం చేసి టీ తెమ్మంటాడు.

అమీర్‌పేటలో నాకు ‘సీ’ అనే కంప్యూటరు భాష నేర్పిన మేష్టారు ఇంకో రకం. ఫైలు తెరవడం, రాయడం, మూయడం బోర్డు మీద గిలికి, “బట్టీ పట్టండి, ఇంటర్వ్యూలో ఇదే అడుగుతారు” అనేవాడు. ఎందుకని అడిగితే విసుక్కునేవాడు. ఆ చదువుతోనే మూడు వారాలు కూర్చుని ఆర్టిస్టుల పేర్లన్నీ ఫైల్లోకి ఎక్కించాను. ముసలి గుమాస్తా నర్సింలు ఆ పేర్లన్నీ రాసుకున్న పొడుగు రిజిస్టరును పాత కాగితాలవాడికి నేనే ఇప్పించేశాను. “జర ఉండనియ్యి బిడ్డా” అన్నాడు. నవ్వాను.

శుక్రవారం ముహూర్తం పెట్టారు. సినిమాకి కెమెరా స్విచ్చాన్ చేసినట్టు మా జాబితాకీ చేయాలట! అప్పటిదాకా పేర్లు ఆఫీసు దాటకూడదని ఓనరుగారు కాపీ కూడా తీయనివ్వలేదు. పంతులుగారు కీబోర్డుకి పసుపు రాశారు. “మంచి గడియలో నా చేత్తో ఒక పేరు ఎక్కాలండీ” అని ఓనరుగారు ఒంటివేలితో వాళ్లమ్మాయి పేరు కొట్టాడు. చప్పట్లు మోగాయి. తెరిచి చూస్తే ఫైల్లో ఆ ఒక్క పేరే ఉంది.

తప్పు నాది. ఆయన కోసం ఆ పొద్దున హడావిడిగా వేరే చిన్న ప్రోగ్రాం రాశాను. ఉన్నవాటి చివర చేర్చడానికి ‘ఎ’ పెట్టాల్సిన చోట, బట్టీ పట్టిన ‘డబ్ల్యూ’ పెట్టాను. డబ్ల్యూతో తెరిస్తే ఉన్నదంతా తుడిచేసి కొత్తగా మొదలుపెడుతుంది.

మర్నాడు పెద్ద పెళ్లి సీను. పిలుపు అందకపోతే అంతమందికీ ఆ రోజు కూలి పోతుంది. ఓనరుగారు “దిష్టి తగిలింది” అని గుమ్మడికాయ తెమ్మన్నాడు. అంత తెలివితక్కువతనం నన్ను కాపాడుతోంటే సిగ్గేసింది. నర్సింలు దగ్గరికి వెళ్లి నేనే చెరిపేశానని చెప్పాను.

“ఫికర్ చెయ్యకు. మన ఆర్టిస్టులుండే కృష్ణానగర్ల ప్రతి గల్లీ నాకెర్కే. నేను చెప్త, నువ్వు రాయి” అన్నాడు.

కంప్యూటరు ముందుకి జరిగాను. “గాడ గాదు, పుస్తకంల” అన్నాడు. ఎవరికి పట్టుచీర ఉందో, ఎవరు మీసం తీసేశారో, ఏ ఇంటికి ఎవరితో కబురు పంపాలో చెప్పుకుంటూ పోయాడు. సాయంత్రందాకా రాశాను. పిలుపులు అందాయి.

ఈ ఉత్తరంలో అందర్నీ తీసిపారేశాను కదా, అందరికంటే నా మీద నాకే రోతగా ఉంది. మన కొట్లో పొడుగు అట్ట పుస్తకాలుంటే రెండు పంపు. వదినని అడిగానని చెప్పు, అమ్మ నన్ను దీవించాలి.

నర్సింలు దగ్గర పని నేర్చుకుంటున్న
నీ చెల్లెలు వాణి