డబ్బాలో అమ్మ

లూన్ సరస్సు క్యాంపు,
1986 అక్టోబరు 19, ఆదివారం.

చెల్లెలు ఎల్మాకు,

అక్క సైమా ఆశీస్సులు. నువ్వూ, ఆర్నీ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను కులాసాగా లేను. మర్యాదకి రాయాల్సింది అయిపోయింది కనక ఇక అసలు సంగతి.

బుధవారం మధ్యాహ్నానికి ఇక్కడికి చేరాను. క్యాంపులో నరమానవుడు లేడు. మనం ఎప్పుడూ ఇలా సీజను అయిపోయాకే వచ్చేవాళ్లం కదా, జనం ఉంటే సరస్సు సరస్సులా ఉండదని అమ్మ గొడవ. కారుకి తగిలించి తెచ్చిన ఇల్లులాంటి ట్రైలర్ని ఒక్కదాన్నే వెనక్కి పెట్టలేక ఆరుసార్లు తంటాలు పడ్డాను. చివరికి చెట్టుకి తగిలి వెనక లైటు పగిలింది. పొద్దున లేచేసరికి బకెట్లో నీళ్ల మీద మంచు పలక కడుతోంది. దాన్ని గరిటెతో పగలగొట్టి కాఫీ పెట్టుకుంటున్నాను. గ్యాసు హీటరు ఒక గంట వెలిగితే ఒక గంట అలుగుతుంది.

అమ్మని కిటికీ పక్కన బల్ల మీద పెట్టాను. అదే, జూన్‌లో మూత చుట్టూ టేపు వేసి నువ్వు నా చేతికిచ్చిన డబ్బా. అమ్మ అస్థికలు నీ దగ్గరే ఉంచు అక్కా, అక్టోబరులో ఇద్దరం కలిసి వెళ్లి సరస్సులో కలుపుదాం అన్నావు. కిందటి వారం ఫోను చేసి, మోకాలు పట్టేసింది, నువ్వొక్కదానివే కానిచ్చెయ్యి, అమ్మకి నువ్వుంటే చాల్లే అన్నావు. ఆ మాటకి ఫోను పెట్టేశాక ఎంతసేపు ఏడ్చానో.

ఇవాళ కలుపుదాం, రేపు కలుపుదాం అనుకుంటూ ఆ డబ్బాతో మూడు రోజులు మాట్లాడాను, ఎల్మా. యాలకుల రొట్టెకి వెన్న రాసి ఒక ముక్క దాని ముందు పెట్టాను. యాభై ఎనిమిదేళ్ల దాన్ని. నవ్వుకో.

నిన్న పొద్దున క్యాంపు చూసుకునే రేనో వచ్చాడు, చలికాలం ముందు చేతిపంపు పిడి తీసెయ్యడానికి. మనం గౌన్లు వేసుకున్నప్పటి నుంచీ ఎరిగినవాడు కదా, లోపలికి పిలిచి కాఫీ ఇచ్చాను. ఆ డబ్బా ఏమిటన్నాడు. చెప్పాను. కప్పు కింద పెట్టేశాడు.

మీ అమ్మని ఆగస్టులోనే సాగనంపారు కదమ్మా అన్నాడు. పడవ నేనే ఇచ్చాను, మీ చెల్లెలు, మీ మరిది, పిల్లలు, పాస్టరు గారు వెళ్లారు, ఆ రెల్లు దగ్గర కలిపి మీ అమ్మ భాషలో పాట కూడా పాడారు అన్నాడు. సైమా రాలేదేం అని అడిగితే, అక్కకి కుదరదు అన్నావట. ఆ తర్వాత నా మొహంలోకి అదోలా చూసి, నీకు దగ్గర్లో ఎవరైనా ఉన్నారా తల్లీ, ఫోను చెయ్యమంటావా అని మెల్లిగా అడిగాడు. నాకు మతి తప్పిందనుకున్నాడు పాపం. మేం సగం సగం పంచుకున్నాం రేనో, ఇది నా వాటా అన్నాను. నీ పరువు కాపాడ్డానికి అబద్ధమాడాను చూడు.

నిజంగా పంచావేమోనని ఒక క్షణం నేనూ ఆశపడ్డాను. అతను వెళ్లగానే టేపు కోసి మూత తీశాను. మెత్తటి బూడిద. వేలు పెట్టి కదిపితే బొగ్గుముక్క ఒకటి, వంకర మేకు ఒకటి బయటపడ్డాయి. పాత కంచె చెక్కలు ఆవిరిస్నానం గది పొయ్యిలో కాలుస్తున్నాం అని నువ్వే చెప్పావు అప్పట్లో.

నాతో కలిసి రానని మొహం మీద చెప్పాల్సింది. తిట్టినా పడేదాన్ని. కోపంలో అన్న మాట కోపంతో పోతుంది. నువ్వు డబ్బా వెతికావు, బూడిద ఎత్తావు, టేపు వేశావు, నన్ను కావలించుకుని చేతిలో పెట్టావు. నేను దాన్ని ఇంటికి తీసుకెళ్లి నాలుగు నెలలు మంచం పక్కన పెట్టుకున్నాను. అది తెలిసి కూడా ఫోనులో, అమ్మ ఎలా ఉంది అక్కా అని అడిగేదానివి. నాకు అదే మింగుడు పడటం లేదు.

బూడిద ఇక్కడి నెగడు గుంటలో పోసేశాను. డబ్బా కడిగి, మేకు అందులోనే వేసి, నీకు పోస్టులో పంపిస్తున్నాను. ఒడ్డు వెంట ఆ రెల్లు దాకా నడిచి వెళ్లాను. అమ్మతో ఏమైనా చెబుదామంటే ఏమీ మిగల్లేదు. చెప్పాల్సిందంతా ఆ డబ్బాతో చెప్పేశాను మరి.

రేపు బయల్దేరుతున్నాను. దారి మీ ఊరి మీదుగానే. ఆగను.

ఒకప్పటి మీ అక్క,
సైమా.

తా.క. కవరు అంటించి మళ్లీ చింపాను. మార్చిలో, అమ్మ పోయే ముందు రోజు, పెనుగాలికి వంతెన మూసేశారు, రాలేకపోయాను అని నీకు చెప్పాను. వంతెన మూయలేదు. దాటాను. ఆసుపత్రి ముందు కారులో రెండు గంటలు కూచున్నాను. మూడో అంతస్తు కిటికీ దగ్గర నువ్వు అమ్మని ఎత్తి కూచోబెట్టి రోడ్డు చూపిస్తున్నావు. నేను వస్తున్నానని చెబుతున్నావని తెలుసు. అంత చిక్కిపోయిన అమ్మ దగ్గరికి వెళ్లే ధైర్యం చాలక కారు వెనక్కి తిప్పాను. నువ్వు నన్ను చూశావా అని ఏడు నెలలుగా అడగలేకపోయాను. ఇక అడగక్కర్లేదు, నీ జవాబు ఆ డబ్బాలోనే ఉంది.