ఏడో గుంజ దగ్గరి ఎండ

ఎల్డర్‌మియర్,
సెప్టెంబరు 19.

శ్రీయుత బాసిల్ థ్రెల్‌ఫాల్ గారికి,
వారసత్వ సంపద శాఖాధికారి,
ఎల్డర్‌మియర్ జిల్లా కౌన్సిల్.

అయ్యా,

విషయం: మార్ల్‌బీ విమాన మ్యూజియం మైదానంలో దక్షిణపు కంచెను ప్రజలకు మూసివేయుట – కౌలు పత్రంలోని పద్నాలుగో షరతు ఉల్లంఘన – అక్టోబరు మొదటి ఆదివారం ఒక్కనాడైనా తెరిపించుట గురించి.

పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా, మళ్ళీ నేనే. గ్రంథాలయం మూసినప్పుడు పదకొండు అర్జీలు, నలభై రెండో నంబరు బస్సు ఎత్తేసినప్పుడు ఆరు అర్జీలు పెట్టుకున్న బస్సు డ్రైవరు లెనార్డ్ హోల్‌రాయిడ్‌ని. ఆ పదిహేడింటికీ తమ శాఖ నుంచి "మీ లేఖ అందినది" అనే ఒకే వాక్యం పదిహేడుసార్లు వచ్చింది. ఈసారి జవాబు కోసం రాయడం లేదు. గేటు తాళం కోసం రాస్తున్నాను.

1. సదరు మైదానం జిల్లా ప్రజల ఆస్తి. మ్యూజియం వారు కౌలుదారులు మాత్రమే. "విమానములు ఎగురు దినములందు దక్షిణపు కంచె వెంబడి నిలుచు సాధారణ ప్రేక్షకులకు ఎట్టి ఆటంకమును కలుగజేయరాదు" అని కౌలు పత్రం పద్నాలుగో షరతు. నకలు జతపరచడమైనది. ఇటువంటి రోజు ఒకటి వస్తుందని ఆనాటి కౌన్సిల్‌లో ఎవరో ముందే ఊహించి రాసినట్టుంది. మే నెల నుంచి ఆ కంచె వెంబడి తెల్లని గుడారాలు, తెల్లని కుర్చీలు, "అతిథుల ఆవరణ" అనే బోర్డు, గేటుకు తాళం. సాధారణ ప్రేక్షకులు, అనగా మేము, ఉత్తరపు కంచెకు తరలించబడ్డాము.

2. "కంచె కంచేగా సార్, ఎటు నిలబడితే ఏం?" అని తమ కార్యాలయంలో ఫోను ఎత్తినామె నన్ను అడిగింది. ఆమె తప్పు కాదు, ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. తమకు చెబుతున్నాను. దక్షిణాన నిలబడితే సూర్యుడు మన వీపున ఉంటాడు, విమానం మీద ఎండ పడుతుంది, రంగు తెలుస్తుంది, పైలట్ గడ్డం కూడా తెలుస్తుంది. ఉత్తరాన నిలబడితే సూర్యుడు నేరుగా కెమెరాలోకి దిగుతాడు, ఎంతటి విమానమైనా కాకి అయిపోతుంది. అంతేకాదు. దక్షిణపు కంచె మధ్యలో మైదానంలోకి పొడుచుకొచ్చిన మలుపు ఒకటి ఉంది. విమానం ఆ మలుపును చుట్టి వచ్చేటప్పుడు ఒక పక్కకు ఒరిగి, తన వీపును మాకు చూపిస్తుంది. రెక్కల పైభాగం నేల మీద నిలబడ్డవాడికి కనబడేది ఆ మూడు క్షణాలే. ఉత్తరాన ఉన్నవాడికి అదే సమయంలో కనబడేది పొట్ట, దాని మీద నూనె మరకలు. కాబట్టి అయ్యా, మ్యూజియం వారు అతిథులకు అమ్మింది కుర్చీలు కావు, ఎండను అమ్మారు. మాకు మరకలు మిగిల్చారు.

3. నావంటి వాడికి యుద్ధ విమానాల మీద ఈ మోజేమిటని తమకు అనుమానం రావచ్చు. మా యూనియన్‌లోనే వస్తుంది. "బాంబులు వద్దని ఊరేగింపులో ముందు నడుస్తావు, ఆదివారం వచ్చేసరికి బాంబులేసే బండి ఫోటో తీస్తావు, ఏందన్నా ఇది?" అని ఎగతాళి చేస్తారు. నేను చెప్పే సమాధానం ఒకటే. యుద్ధం చేయించినవాళ్ళ బొమ్మలు ప్రతి కూడలిలోనూ రాతిలో నిలబడి ఉన్నాయి. విమానానికి గుడ్డ కుట్టినవాళ్ళ బొమ్మ ఎక్కడుంది? ఆ రెక్క మీద ఉంది, కుట్టుగా. నేను తీసేది దాన్ని. దీని మీద తమరు వాదనకు పిలిస్తే ఏ సాయంత్రమైనా వస్తాను.

4. ఇక అసలు సంగతి. మ్యూజియంలో మేబెల్ అనే పేరుగల రెండు రెక్కల పాత శిక్షణ విమానం ఉంది. గుడ్డ రెక్కలు, నెమ్మదైన ఇంజను. దాని పై రెక్కకు నారబట్ట మొత్తం చేత్తో కుట్టినామె శ్రీమతి హెట్టీ స్క్రివెన్, వయసు తొంభై మూడు, మా వీధి చివరి ఇల్లు. పూర్వం కర్టెన్లు కుట్టే దుకాణంలో పనిచేసేది. పదవీ విరమణ తర్వాత ఎనిమిది శీతాకాలాలు వేడి లేని షెడ్డులో, వేళ్ళు తెగిన చేతితొడుగులు వేసుకుని, జీతం లేకుండా కుట్టింది. ఆరేళ్ళ కిందట వడగళ్ళు పడి ఆ రెక్క పైభాగం చిరిగితే మళ్ళీ వచ్చి చేతి వెడల్పు అతుకు వేసింది. రంగు కాస్త తేడాగా కుదిరింది. ఆ అతుకు గాలిలో ఎలా ఉందో చూడాలని ఆమె కోరిక. కళ్ళు మసకబారాయి కాబట్టి ఆకాశంలో విమానం ఆమెకు చప్పుడు మాత్రమే. ఫోటో పెద్దదిగా వేయించి ఇస్తే భూతద్దం పెట్టి చూడగలదు.

"షెడ్డులో నిచ్చెన వేసుకుని తీసిస్తాను మామ్మా, అయిదు నిమిషాల పని" అని నేను ఒకసారి అన్నాను.

"షెడ్డులో ఉంటే అది దుప్పటిరా అబ్బాయ్. గాలిలో ఉంటేనే రెక్క. దుప్పట్లు నేను చాలా కుట్టాను, వాటి ఫోటోలెవడిక్కావాలి?"

"సరే, గాలిలోనే తీస్తాను."

"తీస్తే దాని ముక్కు మీది పంకా తిరుగుతున్నట్టు తియ్యి. నీ స్నేహితుడు ఆ క్లైవ్ తీసినట్టు మేకుకు తగిలించిన బొమ్మలా తెచ్చావంటే నీ మొహానే కొడతాను."

మేబెల్ ఏడాదికి రెండుసార్లే ఎగురుతుంది, అదీ గాలి లేని రోజున. ఈ ఆరేళ్ళలో ఎప్పుడూ వానో, మబ్బో, గాలో. ఇప్పుడు రెక్కలోని కొయ్య దూలం బీటలిచ్చేలా ఉందని, అక్టోబరు మొదటి ఆదివారం చివరిసారి ఎగరేసి శాశ్వతంగా నిలిపేస్తామని మ్యూజియం వారు ప్రకటించారు. ఆ తర్వాత ఎండ ఎవరిదైనా ఒకటే, మేబెల్ దుప్పటే.

5. క్లైవ్ పెండిల్‌బరీ గురించి. దీన్ని ఫిర్యాదుగా నమోదు చేయవచ్చునో లేదో నాకు తెలియదు. తమ ఫారములో ఇందుకు గడి లేదు.

సదరు క్లైవ్, నేను పంతొమ్మిదేళ్ళు ఒకే నిచ్చెన వంతులవారీగా ఎక్కి ఫోటోలు తీసినవాళ్ళం. ఒకే ఫ్లాస్కు టీ తాగినవాళ్ళం. మలుపులో కంచె ఏడో గుంజ దగ్గర మా చోటు. ఏ నెలలో ఏ గంటకు ఎండ ఎటు పడుతుంది, ఏ విమానం ఏ గుంజ దగ్గర ఒరుగుతుంది అన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాం. ఒక పేజీ అతని చేతిరాత, ఒక పేజీ నాది. గత శీతాకాలం పుస్తకం అతని దగ్గర ఉంది. మే నెలలో నేను వెళ్ళేసరికి ఏడో గుంజ దగ్గర గుడారం ఉంది. సరిగ్గా ఏడో గుంజ దగ్గరే, ఒక అడుగు అటు కాదు, ఇటు కాదు. టీ కొట్టు దగ్గర క్లైవ్ కనబడ్డాడు, మెడలో తాడుకు కార్డు వేలాడుతోంది.

"ఏంట్రా ఆ మెడలో గంట?" అన్నాను.

"మ్యూజియం ఫోటోగ్రాఫర్‌ని చేశారు రా లెన్. నిన్నగాక మొన్నే."

"పుస్తకం ఎక్కడుంది?"

"కమిటీ వాళ్ళు అడిగారు. చూపించాను. మన పని ఇన్నాళ్ళకి ఎవరికో ఉపయోగపడిందిగా, సంతోషించవేం?"

"ఎవరికి ఉపయోగపడింది? ఆ కుర్చీల్లో కూర్చుని ఫోన్లు చూసుకునేవాళ్ళకా? నువ్విచ్చింది పుస్తకం కాదురా, చోటు ఇచ్చావు."

"నీకు అన్నీ పోరాటాలే. గ్రంథాలయం పోరాటం, బస్సు పోరాటం. ఏం సాధించావు చెప్పు? నేను అడిగాను, నాకిచ్చారు. నువ్వూ మర్యాదగా అడిగి ఉంటే నీకూ కార్డొచ్చేది."

"కార్డు లేకుండా నిలబడే హక్కు ఉన్న చోట కార్డు అడుక్కోవాలా?"

"హెట్టీ మామ్మ ఫోటో నేను తీసిస్తాలే. సరేనా?"

సరే అనలేదు. నా సంచిలో ఉన్న ఫ్లాస్కు అతనిది, అక్కడే పెట్టేసి వచ్చాను. తర్వాత నాలుగు నెలలు ఉత్తరపు కంచె దగ్గర నిలబడి కాకుల ఫోటోలు తీశాను.

గ్రంథాలయం మూసినవాళ్ళ మీద నాకు కోపం వచ్చింది గాని ఆశ్చర్యం కలగలేదు, వాళ్ళ పని అది. క్లైవ్ పని ఇది కాదు. గ్రంథాలయం ముందు నాలుగు రాత్రులు నా పక్కన అట్టముక్క పట్టుకుని నిలబడ్డవాడు. నేను నా జీవితంలో "మనం" అన్నప్పుడల్లా అందులో ఉన్నవాడు.

6. క్లైవ్ ఎప్పుడో, అతుకు పడకముందు తీసిన మేబెల్ ఫోటో ఆఖరి ప్రదర్శన పోస్టరుగా ఊరంతా అంటించారు. పంకా ఆకులు లెక్కపెట్టవచ్చు, రెండూ నిటారుగా ఆగి ఉన్నాయి. ఆ స్థితిలో విమానం ఆకాశంలో ఉంటే పైలట్ కుటుంబానికి కబురు పంపవలసిన సమయమది. సదరు పోస్టరు తొలగించుటకు కూడా ఉత్తర్వులు ఇవ్వగలరు.

7. కావున తమరు పద్నాలుగో షరతును అమలుపరచి, అక్టోబరు మొదటి ఆదివారం మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు వరకు దక్షిణపు కంచెను, కనీసం మలుపును, అదీ కాకుంటే ఏడో గుంజ పక్కన ఒక నిచ్చెన పట్టే చోటును, ప్రజలకు ఇప్పించగలరు. నాకని అడగడం లేదు, ప్రజలకని అడుగుతున్నాను. ప్రజలలో నేనొకణ్ణి. ఆ గంటసేపు మామ్మను చక్రాల కుర్చీలో తీసుకొస్తాను. చప్పుడైనా ఎండ వైపు నుంచి వింటుంది.

ఇది పద్దెనిమిదో అర్జీ. "అందినది" అన్న మాటతో సరిపెట్టక, గేటు దాకా నడిచి వెళ్ళి మరీ చిత్తగించవలెను.

వాదన మానని, వీపు వెనక ఎండ లేని,
తమ విధేయుడు,
లెనార్డ్ హోల్‌రాయిడ్

జత: కౌలు పత్రం నకలు, ఉత్తరపు కంచె నుంచి తీసిన ఫోటోలు మూడు (విమానమని నమ్మవలెను).

తాజా కలం: అర్జీ కవరులో పెట్టి అంటించబోతుంటే హెట్టీ మామ్మ కబురు పెట్టింది. వెళ్ళాను. "తాళం తీస్తారంటావా?" అని అడిగింది. తీస్తారని చెప్పాను. "అబద్ధమాడితే నీ చెవులు ఎర్రబడతాయిరా" అంది.

అందుకని, తమరు తాళం తీయించలేని పక్షంలో, ఈ కింది నాలుగు ముక్కలు కత్తిరించి కార్డున్న ఆ క్లైవ్‌కు అందజేయగలరు. నేను అతనితో మాట్లాడటం లేదు.

ఒరేయ్. మూడూ ఇరవైకి ఏడో గుంజ. షట్టరు సెకనులో వెయ్యో వంతులో పెట్టకు, పంకా ఆగిపోయినట్టు పడుతుంది, అందరూ పెట్టే నూట ఇరవై అయిదో వంతులోనూ పెట్టకు. మేబెల్ ఇంజను నెమ్మది, దానికి ఎనభయ్యో వంతు కావాలి. అంత నెమ్మదికి బొమ్మ చెదురుతుందని నాకు తెలుసు. నడుముతో తిరగకు, మోకాళ్ళతో తిరుగు. ఊపిరి బిగబట్టు. వంద తీస్తే తొంభై తొమ్మిది పాడవుతాయి, మామ్మకు ఒక్కటి చాలు. మన పుస్తకంలో రాయనిది ఇదొక్కటే. ఇదీ పట్టుకుపో.