ఇద్దరి బరువు

హాస్టల్,
మూడో తేదీ

నాన్నకి,

ఈ ఉత్తరం ఇవాళే రాయాలి. రేపటిదాకా ఆగితే నా కోపం చల్లారుతుంది. చల్లారితే బట్టలు సర్దుకుని ఇంటికి వచ్చేస్తాను. వస్తే మళ్లీ ఇక్కడికి రాను. అందుకని రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే నువ్వు "సరే సరే, తర్వాత మాట్లాడదాం" అని పెట్టేస్తావు, లేకపోతే నేను ఏడ్చేస్తాను. ఏడ్చినదాని మాట మనింట్లో ఎవరూ వినరు.

టైలరు బాబాయ్, ఈ ముక్క మీకు. మా ఇంట్లో చదువు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నేను ఇక్కడున్నాను కాబట్టి ఉత్తరం చదివిపెట్టే పని ఎప్పటిలా మీ మీద పడింది. మీరు మంచివారు. గొడవ మాటలొస్తే దగ్గి, కళ్లజోడు సర్దుకుని, నాలుగు వరసలు దాటేస్తారని నాకు తెలుసు. ఈసారి దగ్గొద్దు. ఉన్నది ఉన్నట్టు చదవండి. మంచం మీదున్న అమ్మకి కూడా వినపడేలా చదవండి.

నాన్నా, నిన్న అన్నయ్య ఫోన్ చేశాడు. "అమ్మ లాండ్రీలో కళ్లు తిరిగి పడిపోయింది. రక్తం తక్కువుందట, రెండు నెలలు బరువెత్తకూడదని డాక్టరు చెప్పాడు. అమ్మ జాగాలో నువ్వొచ్చి చెయ్యకపోతే వాళ్లు వేరే మనిషిని పెట్టుకుంటారు" అన్నాడు. "ఇప్పుడెలా ఉంది?" అని అడుగుతున్నాను, వాడు వినిపించుకోకుండా నవ్వుతూ అన్నాడు: "నాన్న ఏమన్నాడో తెలుసా? 'దాని జబ్బల్లో ఇప్పుడు బలం బాగానే ఉందిగా, రమ్మను' అన్నాడు."

ఆ ఒక్క మాటకే నాన్నా, ఈ ఉత్తరం.

మొన్న సెలవలకి వచ్చినప్పుడు నీళ్ల డ్రమ్ము నేనొక్కదాన్నే జరిపితే నువ్వు ఏమన్నావు? "ఏంటే ఆ చేతులు? మా కూలీల్లో చేరతావా? ఆడపిల్లకి అవి అందమా?" అన్నావు. అన్నయ్య పక్కనుంచి, "బీరువాలు మొయ్యడానికి మనిషి దొరికింది నాన్నా" అన్నాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. పక్కింటివాళ్లని పిలిచి చూపించారు. నేను ఆ ఎండలో పొడుగు చేతుల చొక్కా వేసుకుని తిరిగాను, మీరు చూశారో లేదో. అప్పుడు పనికిరాని చేతులు ఇప్పుడు బుట్టలు మొయ్యడానికి పనికొచ్చాయా? నా బలం మీ అవసరానికైతే ముద్దు, నా ఇష్టానికైతే రోతా?

ఆ బలం ఎలా వచ్చిందో నువ్వు ఒక్కసారీ అడగలేదు. చెప్తాను, విను.

మా కాలేజీ వెనక సైకిళ్ల షెడ్డు పక్కన ఒక రేకుల గది ఉంది. అందులో ఇనప కడ్డీలు, పళ్లేల్లాంటి ఇనప చక్రాలు, పగిలిన అద్దం ఒకటి. సాయంత్రాలు అమ్మాయిలకి మేడమ్ ఒకావిడ బరువులెత్తడం నేర్పుతుంది. మొదట్లో నేను చూసి నవ్వుకుందామని వెళ్లాను. నువ్వు పెట్టిన పేరు చీపురుపుల్ల కదా, అక్కడ కూడా అదే నిలిచింది. ఆవిడ నా చేతికి ఉత్త కడ్డీ ఇచ్చింది. చక్రాలు తగిలించలేదు. అది భుజాల మీద పెట్టుకుని గుంజీలు తియ్యాలి. బళ్లో లెక్కలు తప్పు చేసినందుకు తీసిన గుంజీలే, ఇక్కడ పాఠమయ్యాయి. మర్నాడు హాస్టల్ మెట్లు దిగలేక వెనక్కి తిరిగి దిగాను, పసిపిల్లలు దిగినట్టు.

ఉత్త కడ్డీతో నన్ను నెలల తరబడి ఉంచింది. నాకు ఒళ్లు మండిపోయేది. ఒకరోజు ఆవిడ అటు తిరగగానే రెండు చక్రాలు తగిలించి ఎత్తబోయాను. నడుం కలుక్కుమంది. ఆవిడ పరుగున వచ్చి కడ్డీ దింపింది. తిట్టలేదు. "పొద్దున ఏం తిన్నావ్?" అని అడిగింది. టీ తాగానన్నాను. "మధ్యాహ్నం?" అన్నం, పులుసు అన్నాను. "అందులో ముక్కలున్నాయా?" లేవన్నాను. మా గదిలో అమ్మాయి ఒకత్తి కండలు పెరుగుతాయని ఏదో పొడి డబ్బా కొనుక్కుంది. అది తెచ్చుకోమంటారా అంటే ఆవిడకి కోపం వచ్చింది. "గుడ్డు తిను. పాలు తాగు. గింజలు తిను, దొరికినప్పుడు చేప తిను. కంటినిండా నిద్రపో. పొడి సంగతి తర్వాత" అంది.

రోజూ ఎత్తితే తొందరగా కండ పడుతుంది కదా అని అడిగాను. అప్పుడు ఆవిడ చెప్పిన మాట వల్లే నాకు నిద్ర పట్టకుండా పోయింది. "ఎత్తేటప్పుడు కండ పెరగదే పిచ్చిదానా. ఎత్తేటప్పుడు అలిసి చితుకుతుంది. తిన్నప్పుడు, పడుకున్నప్పుడు పెరుగుతుంది. రోజూ ఎత్తుతూ తిండి తినకపోతే ఒళ్లు తనను తానే తింటుంది."

"ఇరవయ్యేళ్లు అలా చేస్తే?" అన్నాను.

ఆవిడ నవ్వేసింది. "అలా ఎవరు చేస్తారే?"

ఎవరు చేస్తారు నాన్నా? నువ్వు చెప్పు.

మనింట్లో ఒక పద్ధతి ఉంది. బరువు మోసే పని కాబట్టి గుడ్డు నీకు, అన్నయ్యకి. మాంసం వండితే ముక్కలు మీ పళ్లేల్లోకి, పులుసు మాకు. నేను చిన్నప్పుడు అది ఎండా వానా లాంటిదనుకున్నాను, ఎవరూ పెట్టింది కాదనుకున్నాను. మీరు ఇళ్లు మారేవాళ్ల సామాను మోస్తారు, నిజమే. మరి అమ్మ ఏం చేస్తోంది? ఆస్పత్రి దుప్పట్లు తడితడిగా బుట్టకెత్తి, చంకన పెట్టుకుని, ఆరేయడానికి మేడ మీదికి మోస్తోంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా. మోసినవాళ్లకి కండ వచ్చేట్టయితే ఈపాటికి అమ్మని చూసి మీ కూలీలంతా దారివ్వాలి. ఆవిడ చెయ్యి ఎలా ఉందో ఒకసారి పట్టుకుని చూడు. నా మణికట్టంత కూడా లేదు.

ఇప్పుడు ఆ ఒళ్లు అయిపోయింది కాబట్టి ఇంకో ఒళ్లు తెచ్చి ఆ జాగాలో పెడదామంటున్నావు. నేను వస్తాను. పులుసు తింటూ మోస్తాను. కొన్నేళ్లకి నేను కూడా పడిపోతాను. అప్పుడు ఎవర్ని పిలుస్తావు?

నేను రాను. ఇది నా నిర్ణయం. చదువు మానను, ఆ రేకుల గదీ మానను. చేతకాని కూతురని ఊరంతా అనుకున్నా సరే.

ఒక్క పని అడుగుతున్నాను. ఏ సామానైనా ఎత్తే ముందు నువ్వు ఒక మూల కాస్త లేపి చూస్తావు. చూసి "ఒక్కడు" అనో, "ఇద్దరు" అనో, "నలుగురు" అనో అంటావు. అంతమందీ వస్తేగానీ దాని మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వవు. నీ అంచనా తప్పడం నేనెప్పుడూ చూడలేదు. ఊళ్లో ప్రతి బీరువా మూలా లేపావు. అమ్మ బుట్ట ఎప్పుడైనా లేపి చూశావా? లాండ్రీకి వెళ్లు. తడి దుప్పట్లు నింపిన బుట్ట ఒక మూల లేపు. ఆ తర్వాత నాకు జవాబు రాయించు. తొమ్మిదో తేదీలోగా అందాలి.

కోపంగానే,
నీ చీపురుపుల్ల


హాస్టల్,
పదకొండో తేదీ

అమ్మకి,

ఈసారి ఉత్తరం నీకే. నాన్న గడప దగ్గర కూర్చుని వినొచ్చు, అన్నయ్య కూడా. టైలరు బాబాయ్, మీరు దగ్గకుండా చదివారని తెలిసింది. మీరు రాసిన జవాబు నాలుగుసార్లు చదువుకున్నాను.

అమ్మా, నాన్న లాండ్రీకి వెళ్లాడట కదా. అక్కడి ఆడవాళ్లు, "ఏం పెద్దాయనా, దుప్పట్లు పిండటానికి వచ్చావా, కాసేపు కూర్చుని పో" అని ఆటపట్టించారట. నాన్న నేరుగా లోపలికి వెళ్లాడట. నీ బుట్ట దగ్గర గొంతుక్కూర్చుని మూల లేపాడట. దింపి, రెండో పక్కకి వెళ్లి మళ్లీ లేపాడట. అప్పుడు "ఇద్దరు" అన్నాడట. అంతే, మేడ మెట్ల వైపు చూస్తూ నిలబడ్డాడట. ఇది చదివినప్పుడు నేను మెస్‌లో ఉన్నాను. చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

మర్నాటి నుంచి నీ బుట్టలు పొద్దున పూట అన్నయ్య మోస్తున్నాడు, నీ జాగా పోలేదు. నిన్న వాడు నాకు ఫోన్ చేసి, "నా నడుం విరిగిందే, మీ మేడమ్‌ని అడిగి ఏదైనా మందు చెప్పవే" అన్నాడు. "ఉత్త కడ్డీతో మొదలుపెట్టాల్సింది" అన్నాను. పెట్టేశాడు. నన్ను రమ్మన్న మాట నాన్న వెనక్కి తీసుకున్నాడు. నా మనసులో ఉన్న కోపమంతా అక్కడితో పోయి ఉండాల్సింది.

పోలేదు. ఎందుకంటే ఆ కింద బాబాయి ఇంకో సంగతి రాశారు. ఆ సాయంత్రం నాన్న తన గుడ్డు తీసి నీ పళ్లెంలో వేశాడట. నువ్వు తీసి అన్నయ్య పళ్లెంలో వేశావట. నాన్న మళ్లీ నీకే వేశాడట. నువ్వు పళ్లెం పక్కకి జరిపి, "నాకా వాసన పడదు" అన్నావట. నాన్న బాబాయి చేత ఇలా రాయించాడు: "అమ్మాయ్, ఆ పద్ధతి నేను పెట్టింది కాదు. మీ అమ్మ పెట్టింది. పెళ్లైన కొత్తల్లో నేను ఆకలి మీద బీరువా మోస్తూ మెట్ల మీద పడ్డాను. ఆ రోజు నుంచి తన ముక్క కూడా నాకే వేసింది. నేను తింటూ ఊరుకున్నాను. తప్పు నాదే, కానీ ఇప్పుడు పెడుతుంటే తినడం లేదు. నువ్వే చెప్పు."

అంటే ఇన్నాళ్లూ నేను తిట్టుకున్న ఆ చట్టం నీదా అమ్మా?

వాసన పడదా నీకు? నేను చిన్నప్పుడు జ్వరంతో పడుకున్నాను, గుర్తుందా? నాన్నా అన్నయ్యా పై ఊరు పనికి వెళ్లారు. నువ్వు రెండు గుడ్లు ఉడకబెట్టావు. ఒకటి నాకు తినిపించావు. రెండోది వంటింటి తలుపు వెనక, నాకు వీపు పెట్టి, నిలబడి తిన్నావు. నేను పడుకున్నాననుకున్నావు. తిన్నాక వేలు నాకావు. వాసన పడనివాళ్లు వేలు నాకరమ్మా. ఎవరూ లేని ఇంట్లో, సొంత వంటింట్లో, దొంగలా తిన్నావు. ఆ వీపు నాకిప్పటికీ కళ్లముందే ఉంది. ఎవరి కోసం దాక్కున్నావు? మూడో తరగతి చదివే నా కోసమా?

నాన్న మీద కోప్పడటం తేలికగా ఉండేది. నీ మీద ఎలా కోప్పడాలో నాకు చేతకావడం లేదు, అయినా కోప్పడుతున్నాను. నువ్వు నాన్నని నిలబెట్టావు, అన్నయ్యని పెంచావు, నన్ను బడికి పంపావు. పంపి, నువ్వు తినకుండా ఉండటమే ప్రేమని నాకు నేర్పావు. ఇక్కడికొచ్చిన మొదట్లో నేను కూడా నా గుడ్డు పక్కమ్మాయికి ఇచ్చేసేదాన్ని, తెలుసా? ఎవరూ అడగలేదు. చెయ్యి దానంతట అదే వెళ్లేది. మేడమ్ చూసి చేతి మీద ఒక్కటేసింది. ఆ దెబ్బ నీకు వెయ్యడానికి అక్కడ ఎవరూ లేరు, అందుకని రాస్తున్నాను.

ఇప్పుడు నువ్వు కొత్తదానివి. మొదటిరోజు నేను ఎలా ఉన్నానో అలా. కొత్తవాళ్లకి మేడమ్ చెప్పేదే నీకూ చెప్తున్నాను: ముందు తిను, పడుకో, డాక్టరు సరేనన్నాక ఖాళీ బుట్టతో మెట్లెక్కు. అందులో దుప్పట్లు ఒక్కొక్కటే పెరగాలి. మళ్లీ నిండు బుట్ట అయిన రోజున రెండో పక్క పిడి ఇంకొకళ్లు పట్టుకోవాలి. నాన్న ఇద్దరన్నాడు. ఆయన మాట కాదనడానికి లాండ్రీ యజమానికి కూడా ధైర్యం చాలదు.

ఇంకొకటి. నీ పద్ధతి మార్చమని నేను అడగను. బరువు మోసినవాళ్లకే గుడ్డు అంటావు, అలాగే కానీ. ఇద్దరి బరువు ఇన్నేళ్లు ఒక్కదానివే మోశావు. కాబట్టి నీ పద్ధతి ప్రకారమే నీకు రెండు గుడ్లు. అన్నయ్యకి ఒకటి చాలు.

నాన్నా, ఆవిడ పళ్లెం జరిపితే మళ్లీ దగ్గరికి లాగు. బీరువాలు జరిపినవాడివి, పళ్లెం జరపలేవా?

బాబాయి "తింటోంది" అని రాస్తే నేను నమ్మను, ఆయన మంచితనం నాకు తెలుసు. అమ్మా, నువ్వు తిన్న రెండు గుడ్ల పెంకులు నీ చేత్తో కాగితంలో చుట్టి కవర్లో పెట్టి పంపు. నలిగిపోయినా ఫరవాలేదు. వంటింటి తలుపు వెనక కాదు, అందరి మధ్య కూర్చుని తిన్నవి అయ్యుండాలి. రాకపోతే బస్సెక్కి వస్తాను, లాండ్రీకి కాదు, నీ ఎదురుగా కూర్చోవడానికి. నా జబ్బల్లో బలం ఎంతుందో అప్పుడు చూద్దువుగాని.

ఇరవయ్యో తేదీలోగా అందాలి.

నీ కూతురు,
చీపురుపుల్ల